పన్నెండుమంది కావాలన్న మనిషి

మా బావగారు పోయారని అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసుకి బయల్దేరుతూ ఒక కాలికి బూటు తొడుక్కుని ఉన్నాను. "పొద్దున కాఫీ ఇచ్చాను. చల్లారిపోయింది, వేడిచేసి తెమ్మన్నారు. తెచ్చేసరికి అలాగే కుర్చీలో ఉన్నారు. పలకలేదు," అంది అక్క. గొంతులో ఏడుపు లేదు. ఏడుపు తర్వాత వచ్చింది. దానికి జవాబుగా నేనన్న మొదటి మాట రాయడానికి సిగ్గుగా ఉంది. "అదేంటి, ఆదివారం వచ్చి మా గ్యారేజి తలుపు చూస్తానన్నారుగా," అన్నాను. మెకానిక్‌ని పిలుస్తానంటే నెల రోజులుగా ఆయనే వద్దంటూ వచ్చారు. తలుపు నెల రోజులుగా సగంలో ఆగి ఉంది. పోయినందుకు కూడా ఆయన మీద నాకు మొదట కలిగింది విసుగే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో కొందరు ఆయన్ని ఎరుగుదురు. ఉగాది భోజనాల దగ్గర ఒక్కో గిన్నె ముందూ ఆగి, ఇందులో ఏం వేశారు, ఎప్పుడు వండారు అని అడుగుతూ వెనక లైనంతా ఆపేసిన మనిషి ఆయనే. ఆయన గురించి రాయమన్నారు కానీ, తీయగా రాయమని ఎవరూ అడగలేదు. కాబట్టి ఉన్నది రాస్తాను. నన్ను అంతగా విసిగించిన మనిషి ఇంకొకరు లేరు.

ఆయన రోడ్ల శాఖలో ఇంజనీరు. వంతెనలకు పోసే కాంక్రీటులోంచి కొంత తీసి దిమ్మెలు చేసి, వాటిని మిషను కింద పెట్టి, ఎంత బరువుకి పగులుతాయో చూడడం ఆయన పని. ఇంట్లో మనుషుల్నీ అలాగే చూసేవారు. మనం ఏదైనా ఒక మాట అంటే, "ఆగమ్మా, అది అలా కాదు," అనేవారు. "నీకు తెలిసిందా, నువ్వు అనుకున్నావా?" అనేవారు. బ్యాంకులో ఫారం ఇస్తే వెనక్కి తిప్పి, చిన్నక్షరాలతో సహా చదివిగాని సంతకం పెట్టేవారు కాదు. కౌంటర్లో అమ్మాయి గోళ్ళు చూసుకునేది. ఎవరైనా దారి అడిగితే తెలియకపోతే "నాకు తెలియదు" అని చెప్పి ఊరుకునేవారు కాదు. ఎంతవరకు తెలుసో, ఎక్కడినుంచి తెలియదో చెప్పేవారు. అడిగినవాడు ఈలోపు ఇంకొకరిని అడిగి వెళ్ళిపోయేవాడు.

నేను లైబ్రరీ సైన్స్ చదవడానికి అమెరికా వచ్చి అక్కా బావల ఇంట్లో దిగిన మరుసటి వేసవిలో పెట్రోలుకి కరువొచ్చింది. ఆ వేసవి గుర్తున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కారు నంబరు చివర సరి అంకె ఉంటే సరి తేదీన, బేసి ఉంటే బేసి తేదీన పోయించుకోవాలి. బంకు తెరవకముందే వీధి చివరిదాకా కార్లు ఉండేవి. జనం కార్లలోనే పేపర్లు చదివేవారు, పోట్లాడుకునేవారు. తూర్పు తీరంలోని మా చిన్న ఊళ్ళో అంతకుముందు ఎవరూ ఎవరి మీదా హారన్ కొట్టడం నేను వినలేదు. ఆ నెలలో రోజంతా అదే మోత.

ఆ రోజు బావగారి పక్క సీట్లో నేనున్నాను. క్యూ కదిలినప్పుడల్లా ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి, ఆగగానే ఆపేస్తున్నారు, పెట్రోలు వృథా కాకూడదని. మళ్ళీ స్టార్ట్ చేసేసరికి ముందు రెండు కార్ల ఖాళీ వస్తోంది. వెనక ఒక పికప్ ట్రక్కు. అందులో మనిషి నాలుగుసార్లు హారన్ కొట్టాడు.

"బావగారూ, ఇంజన్ ఆన్‌లోనే ఉంచండి," అన్నాను.

"నిమిషానికి మించి ఆగేటట్లయితే ఆపడమే మంచిదమ్మా."

"ఆయన తిట్టుకుంటున్నాడు."

"హారన్ కొడితే క్యూ కదులుతుందా?"

ఆ మనిషి దిగి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. బనీను మీద తారు మరకలు. మా కిటికీ దగ్గర వంగి, కదలవేం అన్నాడు. ఆయిలంతా మీ ఎడారిలోనే ఉందిగా, అక్కడికే పోయి పోయించుకో అన్నాడు. ఇంకా కొన్ని అన్నాడు.

"మనం ఇండియన్స్ అని చెప్పండి," అన్నాను తెలుగులో.

"ఎడారివాళ్ళమైతే మాత్రం క్యూలో నిలబడకూడదా?" అన్నారాయన, నాతో, తెలుగులోనే.

అర్థంకాని భాషలో తననేదో అన్నామనుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి బావగారి చొక్కా పట్టుకున్నాడు. ఇంజన్ అప్పుడే స్టార్ట్ అయివుంది. కారు ఒక్కసారిగా ముందుకు దూకి ముందున్న కారుని గుద్దుకుంది. వెనక చక్రం అతని పాదం మీదుగా వెళ్ళింది. ఆ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పోలీసు వచ్చి చాలా సాధారణంగా, దాదాపు సాయం చేస్తున్నట్టుగా అడిగాడు. "కారు దానంతటది కదిలిందా సార్?"

ఊ అంటే సరిపోయేది. పాత కారు. ఎవరైనా నమ్మేవారు.

"లేదు. నేనే నొక్కాను," అన్నారు మా బావగారు.

అక్కడే కేసు మొదలైంది. ఆయన మీద రెండు నేరాలు మోపారు. పెద్దది, వాహనంతో కావాలని దాడి చేయడం. దానికి జైలు, ఉద్యోగం పోవడం, బహుశా గ్రీన్‌కార్డు కూడా. చిన్నది, నిర్లక్ష్యంగా నడిపి గాయపరచడం. అక్క ఆ కాగితం చదివి ఫ్రిజ్ మీద పెట్టింది, ఏదో కరెంటు బిల్లులా. పెట్టి, బాత్‌రూమ్‌లోకి వెళ్ళి నీళ్ళు వదులుకుని చాలాసేపు కూర్చుంది.

మా లాయరు పొడుగాటి ముసలాయన. బుగ్గన ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళ. చలికాలం వచ్చాక, విచారణ తేదీ దగ్గరపడ్డాక, మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఒక్కో మాటా విడమరచి చెప్పాడు. క్రిమినల్ కేసు రెండు రకాలుగా నడిపించుకోవచ్చన్నాడు. ఒకటి జ్యూరీ ట్రయల్. ఊళ్ళోవాళ్ళు పన్నెండుమంది కూర్చుని సాక్ష్యం వింటారు. చట్టం ఏమిటో జడ్జి వాళ్ళకి చెప్తాడు, జరిగిందేమిటో వాళ్ళు తేలుస్తారు. పన్నెండుమందీ ఒక్క మాట మీదికి రావాలి. ఒక్కరు ఒప్పుకోకపోయినా తీర్పు లేదు. ప్రాసిక్యూటర్ కావాలంటే కేసు మళ్ళీ మొదటినుంచి. ఎందుకలా తేల్చారో వాళ్ళు ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండోది బెంచ్ ట్రయల్. జ్యూరీ ఉండదు. చట్టమూ జడ్జిదే, నిజం తేల్చడమూ జడ్జిదే. ఎవరు తేల్చినా అనుమానానికి చోటు లేకుండా నమ్మితేనే శిక్ష, అందులో తేడా లేదు. జ్యూరీ అన్నది ముద్దాయి హక్కు. వద్దనుకుంటే ముద్దాయే జడ్జి ముందు తన నోటితో చెప్పాలి. లాయరు చెప్తే చెల్లదు, పెళ్ళాం చెప్తే అసలే చెల్లదు.

"నా సలహా బెంచ్," అన్నాడు లాయరు. "ఇరాన్‌లో మన అమెరికన్లని బందీలుగా పెట్టుకున్నారు. రోజూ టీవీలో అదే. మీరు ఏ దేశంవారో నేను చెప్పగలను. జనం మీ ముఖం చూసి ఏమనుకుంటారో ఆపలేను. ఈ కేసంతా మీ మనసులో ఏముందన్న దాని మీద ఉంది. అది చట్టంలో సన్నని సంగతి. చదువుకున్న జడ్జికి వదిలేద్దాం."

"అంతే, అంతే," అంది అక్క. "బుద్ధి ఉన్నవాడు ఒక్కడు చాలు. మన దేశంలో జ్యూరీలు ఊరికే తీసేశారా?"

బావగారు నోట్‌బుక్ తీసి రాసుకుంటున్నారు. "జ్యూరీకి చూపకూడదని తీసేసిన కాగితాలుంటాయి కదా. బెంచ్ ట్రయల్లో వాటిని తీసేసేది ఎవరు?"

"జడ్జే."

"తీసేయాలంటే చదవాలి కదా?"

"చదువుతాడు. చదివి, లెక్కలోకి తీసుకోడు."

"ఎలా?"

లాయరు పిప్పరమెంటు ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకి మార్చాడు. "అలవాటు," అన్నాడు.

అయినా చివరికి ఒప్పుకున్నారు. అక్క మూడు వారాలు వెంటపడితే, నేను బతిమాలితే, సరే బెంచ్ అన్నారు. ఆ రోజు అక్క బొబ్బట్లు చేసింది.

జ్యూరీ వద్దని చెప్పడానికి కోర్టుకి వెళ్ళాం. పది నిమిషాల పని అన్నాడు లాయరు. జడ్జి మెత్తని మాట మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఒక్కో ప్రశ్నా అడిగాడు. ఎంతవరకు చదివారు? ఇవాళ మందులేమైనా వేసుకున్నారా? ఈ హక్కు వదులుకోమని ఎవరైనా ఆశ పెట్టారా, బెదిరించారా?

బావగారు వెనక్కి తిరిగి అక్కని చూశారు. "బెదిరించడమంటే... అన్నం పెట్టనంది నా భార్య. కానీ పెట్టింది," అన్నారు.

వెనక బెంచీలో ఎవరో దగ్గారు. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జడ్జి నవ్వలేదు.

"జ్యూరీ అయితే పన్నెండుమందీ ఏకాభిప్రాయానికి రావాలి. అది వదులుకుని నా ఒక్కడి నిర్ణయానికి ఒప్పుకుంటున్నారు. అర్థమైందా?"

"అర్థమైంది. ఒక్కటి అడగొచ్చా?"

లాయరు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. జడ్జి అడగమన్నాడు.

"పన్నెండుమందయితే ఒకరి అనుమానం ఇంకొకరితో చెప్పుకుంటారు. మీకు అనుమానం వస్తే ఎవరితో చెప్పుకుంటారు?"

జడ్జి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవరితోనూ చెప్పుకోను. అదే నా ఉద్యోగం," అన్నాడు.

"థాంక్యూ," అన్నారు బావగారు. "అయితే నాకు ఇంకొంచెం టైం కావాలి."

జడ్జి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఊగిసలాడే మనిషి దగ్గర హక్కు వదులుకుంటున్నట్టు తీసుకోవడం కుదరదని, ఇప్పటికి జ్యూరీ ట్రయల్‌కే తేదీ వేస్తున్నానని, తర్వాతి కేసు పిలవమని అన్నాడు. ఇంత చేసి మేం బయల్దేరినచోటికే తిరిగొచ్చాం.

వరండాలోకి రాగానే లాయరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో తన క్లయింటు జడ్జిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం ఇదే మొదటిసారి అన్నాడు. అక్క ఆయనతో నాలుగు రోజులు మాట్లాడలేదు. "ఉప్పు అందుకోమని మీ బావగారితో చెప్పు," అనేది నాతో, ఆయన పక్కనే ఉండగా.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. ఆయన నన్ను కాలేజీకి దింపుతుంటే కార్లో దులిపేశాను. మీ సందేహాల కోసం అక్క బతుకు పణంగా పెడతారా అన్నాను. లాయరు కంటే మీకు ఎక్కువ తెలుసా అన్నాను. ఆయన ఇండికేటర్ వేసి, కారు పక్కకి తీసి, ఇంజన్ ఆపారు. అదీ అలవాటే. మాట్లాడాలంటే బండి ఆపాలి.

"జడ్జిగారు మంచాయనమ్మా. నేను చదువుకున్నవాణ్ణని, గవర్నమెంటు ఉద్యోగస్తుణ్ణని చూస్తున్నాడు. నా మీద జాలి కూడా ఉంది ఆయనకి."

"మంచిదేగా."

"ఆయనకి కౌంటీ ఆఫీసు సొంత పంపులో పెట్రోలు పోస్తారట. లాయరుగారే చెప్పాడు. ఆ క్యూలో ఆయన నిలబడలేదు. ఎండలో రెండు గంటలు నిలబడ్డవాళ్ళు చెప్పాలి, నేను చేసింది ఎలాంటిదో."

"ఆ క్యూలో నిలబడ్డవాళ్ళే మిమ్మల్ని తిట్టారు."

"ఒకడు తిట్టాడు," అన్నారు. "మిగతావాళ్ళ సంగతి నీకు తెలిసిందా, నువ్వు అనుకున్నావా?"

దిగి తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయాను.

జ్యూరీని ఎంచే రోజున జడ్జి, వచ్చిన నలభైమందినీ చూసి, పోయిన వేసవిలో పెట్రోలు కోసం క్యూలో నిలబడ్డవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. గుమాస్తా కూడా ఎత్తింది. నవ్వులు. ముద్దాయి ఇండియానుంచి వచ్చినవాడు, విదేశస్తుడన్న కారణంగా న్యాయంగా వినలేమనుకునేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఒక పెద్దాయన లేచి, టోపీ చేతిలో నలుపుతూ, తన అల్లుడు సైన్యంలో ఉన్నాడని, ఈ మధ్య తన మనసు బాగోలేదని, న్యాయంగా ఉండగలనని ఒట్టు వేయలేనని చెప్పాడు. ఆయన్ని పంపేశారు. బావగారు ఆయన వెళ్తుంటే తలవంచి నమస్కారం పెట్టారు. అక్క తల పట్టుకుంది.

నేను రాక్షసుణ్ణి ఊహించుకుని వెళ్ళాను. సాక్ష్యానికి వచ్చిన ఆ ట్రక్కు మనిషి ఇళ్ళ కప్పులు వేసే పనివాడు. కడుపుతో ఉన్న భార్య అతని చేతికర్ర పట్టుకుని పక్కన కూర్చుంది. పాదంలో మూడు ఎముకలు విరిగాయట. ఏడు నెలలుగా నిచ్చెన ఎక్కలేదట. ఆ రోజు తాగలేదని, కోపంలో నోరు జారానని, చొక్కా పట్టుకున్నానని ఒప్పుకున్నాడు. కొట్టాలనుకోలేదన్నాడు. అతను చెప్తుంటే బావగారు ఒక్కసారి కూడా తల తిప్పకుండా అతని పాదం వైపే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత సాక్షిని నేను. నేను ఏం చెప్పాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నాను. చెయ్యి గొంతు మీద ఉందని చెప్తాను. గొంతు పట్టుకుంటే ప్రాణభయం. ప్రాణభయంతో చేసింది నేరం కాదని లాయరు చెప్పి ఉన్నాడు. అయితే ఆ ముందురోజు బావగారు నా గది గుమ్మంలో నిలబడి ఒక్క మాటే అన్నారు. "చూసింది చెప్పమ్మా. చూడనిది నా కోసం చూడకు."

"అతని చెయ్యి ఎక్కడుంది?" అని అడిగాడు ప్రాసిక్యూటర్.

"కాలర్ దగ్గర."

"గొంతు మీద కాదు?"

పన్నెండుమందీ నన్నే చూస్తున్నారు. చివరి వరుసలో స్కూల్ వంటశాలలో పనిచేసే ఆవిడ ముందుకు వంగింది.

"కాలర్ పట్టుకోవడం చూశాను. గొంతు నాకు కనపడలేదు," అన్నాను. దిగి వస్తుంటే బావగారి మీద నాకొచ్చిన కోపం ఇంత అంత కాదు. ఆయన ఆ ఒక్క మాట అనకపోతే నేను సుఖంగా అబద్ధం చెప్పి ఉండేదాన్ని.

ముద్దాయి బోనెక్కి సాక్ష్యం చెప్పనక్కర్లేదు. వద్దని లాయరు ఐదుసార్లు చెప్పాడు. ఆయన ఎక్కారు.

"యాక్సిలరేటర్ ఎందుకు నొక్కారు?"

"భయం వేసింది."

"అతను కారుకి అంత దగ్గరగా ఉన్నాడని తెలుసు కదా?"

"తెలుసు."

"అతని పాదం చక్రం దారిలో ఉందని తెలుసా?"

"తెలియదు."

"చూశారా?"

"చూడలేదు. చూడాల్సింది."

ప్రాసిక్యూటర్ ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు. అంత తృప్తిగా కూర్చున్న మనిషిని నేను చూడలేదు. మా లాయరు పెన్సిలు బల్ల మీద పెట్టి, అది దొర్లిపోతుంటే చూస్తూ ఉండిపోయాడు.

జ్యూరీ లోపలికి వెళ్ళి ఒకటిన్నర రోజు కూర్చుంది. వరండాలో బెంచీ మీద మేం ముగ్గురం. "ఇదే జడ్జి అయితే భోజనం వేళకి తేల్చేవాడు," అని అక్క గంటకోసారి అంది. రెండో రోజు జ్యూరీనుంచి చీటీ వచ్చింది. అందర్నీ లోపలికి పిలిచి జడ్జి చదివాడు. తెలిసి చేయడానికీ, తెలుసుకోవలసి ఉండి తెలుసుకోకపోవడానికీ తేడా ఏమిటో మళ్ళీ చెప్పమని అడిగారు. జడ్జి చట్టం మళ్ళీ నెమ్మదిగా చదివి వినిపించాడు.

బావగారు నా వైపు వంగారు. మొహం వెలిగిపోతోంది. "చూశావా, అడిగారు," అన్నారు.

"మీకు జైలు పడేలా ఉంది," అన్నాను.

"పడొచ్చు. కానీ సరైన ప్రశ్న అడిగారు."

మధ్యాహ్నం తీర్పు వచ్చింది. వంటశాల ఆవిడే లేచి చదివింది. పెద్ద నేరానికి నిర్దోషి. చిన్న నేరానికి దోషి. జడ్జి పన్నెండుమందినీ పేరు పేరునా ఇది మీ తీర్పేనా అని అడిగాడు. ఒక్కొక్కరూ అవునన్నారు. బావగారు నిలబడి, అవును అన్న ప్రతివాళ్ళ ముఖమూ చూశారు. జైలు లేదు. ఏడాదిపాటు కోర్టు కనిపెట్టి ఉండే ప్రొబేషన్, ఆర్నెల్లు లైసెన్సు రద్దు.

బయట పార్కింగ్‌లో ఆ కప్పుల పనివాడు ట్రక్కు ఎక్కుతున్నాడు. వద్దని లాయరు అంటూనే ఉన్నాడు, ఈయన మంచులో జారుతూ నడుచుకుంటూ వెళ్ళారు. నేను వెనకే పరిగెత్తాను. "నేను చూసి ఉండాల్సింది. క్షమించండి," అన్నారు.

అతను చేతికర్ర ట్రక్కులో పెట్టాడు. తర్వాత, "మీరు ఇండియన్స్ అని ఆ రోజే చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు," అన్నాడు.

"ఇరానియన్ అయితే చెయ్యి వేయొచ్చా?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఇంకో కేసు మొదలైందనుకున్నాను. అతను భార్య వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, అతని కోసమో, మా బావగారి కోసమో తెలియదు. "వేయకూడదు," అన్నాడు చివరికి, విసుగ్గా, లెక్క తప్పని ఒప్పుకున్న పిల్లవాడిలా. తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

కథ అక్కడ ఆగితే అక్క క్షమించేదేమో. నెల తర్వాత లాయరు ఫోన్ చేశాడు. ఏదో విందులో జడ్జి కలిశాడట. కేసు తన ఒక్కడి ముందుకే వచ్చి ఉంటే రెండింటికీ వదిలేసేవాణ్ణని, ఒక పెద్దమనిషి, పక్కన ఆడపిల్ల, కిటికీలోంచి చెయ్యి, ఇంకేం కావాలని అన్నాడట. అక్క రిసీవర్ పెట్టేసి వచ్చి ఆ మాట ఆయనకి చెప్పింది. ఆయన పప్పు గిన్నెలోంచి గరిట తీస్తున్నారు.

"అందుకే," అన్నారు.

"ఏమిటందుకే?"

"అందుకే ఆయన వద్దన్నాను. ఆ అబ్బాయి పాదం విరిగింది. ఎవరిదీ తప్పు కాదని ఇంటికొచ్చి అన్నం తినమంటావా?"

అక్క కంచం ముందునుంచి లేచిపోయింది. తర్వాత ఆయన పోయేదాకా, తొమ్మిదేళ్ళూ, ఇంట్లో ఏ చిన్న గొడవ వచ్చినా, "పన్నెండుమందిని పిలవండి, తేలుస్తారు," అనేది. ఆయన నవ్వేవారు కాదు. నిజంగానే ఆలోచించేవారు.

ఆ ఆర్నెల్లూ ఆయన్ని ఆఫీసుకి నేనే డ్రైవ్ చేశాను. పక్క సీట్లో కూర్చుని ప్రతి సిగ్నల్ దగ్గరా బ్రేక్ ఎంత ముందుగా వేయాలో చెప్పేవారు. రివర్స్ చేసే ముందు నేను దిగి కారు వెనక్కి వెళ్ళి చూసి రావాలి. ఎంత ఎండైనా, ఎంత వానైనా సరే. ఒకరోజు కోపమొచ్చి దిగనన్నాను. ఆయనే దిగి, గొడుగు లేకుండా, కారు చుట్టూ తిరిగి వచ్చి కూర్చున్నారు. ఈ రోజుకీ నేను చూడకుండా కారు వెనక్కి తీయలేను. మా ఆఫీసులో నన్ను చూసి నవ్వుతారు.

ఇవన్నీ రాస్తుంటే ఆయన వెనక నిలబడి, "ఆగమ్మా, అది అలా కాదు," అంటారేమోనని చూసుకుంటున్నాను. నలభైమంది కాదు, ముప్పై ఎనిమిది అంటారేమో. ఆయన్ని గొప్పవాడని నేనెక్కడా రాయలేదు. రాస్తే రుజువు అడిగేవారు. నా కోసం ఆయన చేసిందల్లా ఒక అబద్ధం చెప్పనివ్వకపోవడం. ఆ రోజు అది ద్రోహంలా ఉండింది. కృతజ్ఞత అన్న మాట ఇన్నేళ్ళకి నోటికి వస్తోంది, చెప్పించుకునే మనిషి లేకుండా పోయాక.

కేసు వల్ల పౌరసత్వం దరఖాస్తు కొన్నేళ్ళు ఆగింది. పౌరసత్వం వచ్చిన మరుసటి ఏడాదే జ్యూరీకి రమ్మని ఆయనకే కబురొచ్చింది. అక్క నేను తీసుకెళ్ళనంది. నేనే తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, టై, మెరిసే బూట్లు. పొద్దుటినుంచి కూర్చోబెట్టి, మధ్యాహ్నం ఒక కేసుకి పిలిచారు. ఈ కేసులో న్యాయంగా తీర్పు చెప్పగలరా అని అక్కడి లాయరు అడిగితే, వినకముందే ఎలా చెప్తాను, విన్నాక చెప్తాను అన్నారట. లాయరు థాంక్యూ చెప్పి పంపేశాడు. ఇంకే కేసుకీ పిలవలేదు.

తిరిగొస్తూ కూరలు కొనడానికి ఆగాం. వంకాయలు ఏరడం మొదలుపెట్టారు. చొక్కా జేబు మీద ఇంకా ఆ తెల్ల స్టిక్కరు ఉంది, జ్యూరర్ అని ఎర్రక్షరాలతో. ఒకావిడ బండి తోసుకుంటూ వెళ్తూ దాన్ని చదివి, ఆయన ముఖం చూసి, మళ్ళీ చదివింది.

"తీసేయండి బావగారూ, పంపేశారుగా," అన్నాను.

"ఐదింటిదాకా నేను జ్యూరర్నేనమ్మా. కాగితంలో అలాగే ఉంది."

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఆయన ఒక వంకాయ తీసి, దీపం వైపు పట్టి నెమ్మదిగా తిప్పి, తొడిమ కింద వేలితో తడిమి, కాసేపు ఆలోచించి, పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకున్నారు.